పిల్లల ప్రశ్నలు – మా జవాబులు: ఆ పావు సెకను

కిందటి సంచికలో మా శీర్షిక లేకపోవడం చూసి మిత్రులు కొందరు ఫోను చేశారు. ఒంట్లో బాగాలేదా అని ఒకరు, ఇండియా వెళ్లారా అని ఒకరు, ప్రశ్నలు అయిపోయాయా డాక్టరుగారూ అని మరొకరు. ప్రశ్నలు అయిపోలేదు. అబూ హమూర్‌లో మా ఇంటి హాల్లో శుక్రవారం పొద్దున్న చేరే పిల్లల దగ్గర వాటికి కొదవ ఎప్పుడూ లేదు. మేము అంతకు ముందు నెల రాసిన ఒక జవాబును దిద్దుకోవలసి వచ్చింది. ఎలా రాయాలో తోచక ఒక నెల ఊరుకున్నాము. అంతే సంగతి.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం నాలుగు మాటలు. మేము గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్లం, జనరల్ మెడిసిన్ చూసేవాళ్లం. ఫిజిక్సు మాకు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. అది కూడా విజయవాడ హాస్టల్లో, ఎంసెట్ బిట్ల రూపంలో. కటకం నాభ్యంతరం సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం గాని, కటకాన్ని చేత్తో పట్టుకుని చూసింది మెడికల్ కాలేజీలో మైక్రోస్కోపు దగ్గరకు వచ్చాకనే. ఆ లోటు మన పిల్లలకు ఉండకూడదని ఈ శుక్రవారాలు మొదలుపెట్టాము. ఇక్కడి భారతీయ పాఠశాలల్లో చదివే ఎనిమిది నుంచి పన్నెండో తరగతి పిల్లలు వస్తారు. వాళ్లకు మేము మొదటి రోజు నుంచీ చెప్పే మాట ఒకటే: పుస్తకంలో ఉందని ఒప్పుకోకండి, అంకుల్ చెప్పాడని అసలే ఒప్పుకోకండి, చేసి చూడండి.

ఇక ఆ ప్రశ్న. పదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "మా హాల్లో ఎల్.ఈ.డి. బల్బు 9 వాట్లు. లేజరు పాయింటరు మీద 5 మిల్లీవాట్లు అని ఉంది. అంటే బల్బు కంటే 1800 రెట్లు తక్కువ. మరి బల్బును చూడనిస్తారు, లేజరును చూడొద్దంటారేం డాక్టరంకుల్?"

చాలా మంచి ప్రశ్న. దానికి మేము వేసిన లెక్క ఇప్పటికీ తప్పు కాదు. 9 వాట్ల బల్బు మింగే విద్యుత్తులో మూడో వంతు, అంటే సుమారు 3 వాట్లు, వెలుతురుగా బయటికి వస్తుంది. ఆ 3 వాట్లూ గది నలుమూలలకూ పరుచుకుంటాయి. రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి కంటిపాప మూడు మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే, అందులోంచి లోపలికి పోయేది సుమారు అర మైక్రోవాటు. లేజరు అలా పరుచుకోదు. దాని 5 మిల్లీవాట్లూ, అంటే 5000 మైక్రోవాట్లూ, సన్నని దారంలా వచ్చి మొత్తంగా కంటిపాపలో దూరిపోగలవు. 1800 రెట్లు తక్కువ అనుకున్నది కంటి దగ్గరకు వచ్చేసరికి 10,000 రెట్లు ఎక్కువైంది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మేము వైద్యులం కదా, జనాన్ని ఊరడించడం అలవాటు. చివర ఒక వాక్యం చేర్చాము. "అయినా ఇటువంటి పాయింటరు పొరపాటున కంట్లో పడితే కంగారు పడనక్కరలేదు, పావు సెకనులో రెప్ప తనంతట తానే పడిపోతుంది, ఆ పావు సెకనులో కంటికేమీ కాదు" అని. ఆ వాక్యం ఈ పత్రికలోనే అచ్చయింది, కావలసినవారు తీసి చూసుకోవచ్చు.

పది రోజుల తరువాత ఒక శనివారం ఉదయం ఫోను. "అన్నయ్యగారూ, మావాడికి ఎడమ కంటి నడుమ ఏదో మచ్చలా ఉందంటున్నాడు, నొప్పి లేదంటాడు, మీరొకసారి చూస్తారా?" ఆ అబ్బాయి తొమ్మిదో తరగతి, మా శుక్రవారాలకు తప్పకుండా వచ్చేవాడు. ఆ తల్లిదండ్రులు రాయమంటేనే ఇది రాస్తున్నాము. పేరు మాత్రం రాయము.

వాడిని కూర్చోబెట్టి కుడికన్ను మూసి గోడ గడియారం చూడమన్నాము. చుట్టూ అంకెలన్నీ ఉన్నాయన్నాడు. నేరుగా ఏ అంకెను చూస్తే ఆ అంకె పోతోందన్నాడు. మా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఏం చేశావురా అని అడిగితే సంచిలోంచి నోటుబుక్కు తీశాడు.

అందులో ప్రయోగం పేరు, ఉద్దేశం, పరికరాలు, అన్నీ మేము నేర్పిన పద్ధతిలోనే ఉన్నాయి. ఉద్దేశం: లేజరు పడితే రెప్ప పావు సెకనులో పడుతుందా? పరికరాలు: పదిహేను రియాళ్లకు కొన్న ఆకుపచ్చ పాయింటరు, సెకనుకు 240 బొమ్మలు తీసే నాన్నగారి ఫోను, ఆరో తరగతి చదివే తమ్ముడు. పావు సెకను అంటే 60 బొమ్మలు. తమ్ముడు మంచానికి అటువైపు నుంచి పాయింటరు పట్టుకున్నాడు. మొదటిసారి 41 బొమ్మలకు రెప్ప పడింది. రెండోసారి 55. మూడోసారి, కావాలని ఆపుకుంటే ఆగుతుందా అని చూశాడట. పట్టికలో మూడో వరసలో 610 అని ఉంది. రెండున్నర సెకన్లు. పక్కన చక్కని అక్షరాలతో "అంకుల్ జవాబు తప్పు" అని రాసుకున్నాడు.

తప్పే. ఎక్కడెక్కడ తప్పో ఇప్పుడు చెప్పాలి.

పావు సెకను రక్షణ అనేది గాలిలోంచి పుట్టిన మాట కాదు. లేజరులను తరగతులుగా విభజించినప్పుడు రెండవ తరగతికి, అంటే 1 మిల్లీవాటు మించని కనిపించే కాంతికి, పెట్టుకున్న లెక్క అది. 5 మిల్లీవాట్లవి ఆ పై తరగతిలోకి వస్తాయి. ఒకదాని అభయం తీసి ఇంకొకదానికి ఇచ్చేశాము. మందు పేరు సరిగ్గా రాసి మోతాదు అయిదు రెట్లు వేసినట్టన్నమాట. పైగా రెప్ప సంగతి కూడా అనుకున్నంత గట్టిది కాదు. 2000 తరువాత జర్మనీలో వందలాది మనుషుల మీద జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో, లేజరు పడగానే రెప్ప వాల్చినవాళ్లు అయిదుగురిలో ఒకరి కంటే తక్కువ. ఇక చూసి తీరాలని పట్టుబట్టిన పద్నాలుగేళ్ల పిల్లవాడి ముందు రెప్ప ఎంత!

ఇంతకంటే పెద్ద తప్పు, చీటీ మీద 5 అని ఉంటే 5 అని నమ్మడం. అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ నిస్ట్ వారు 122 పాయింటర్లు కొలిచి 2013లో ఫలితాలు చెప్పారు. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు. ఆకుపచ్చవాటితో చిక్కు ఎక్కువ ఎందుకంటే, చాలావాటిలో ఆకుపచ్చ కాంతి నేరుగా పుట్టదు. ముందు 808 నానోమీటర్ల పరారుణ కాంతి పుడుతుంది, అది ఒక స్ఫటికంలో 1064 అవుతుంది, మరో స్ఫటికంలో దాని తరంగదైర్ఘ్యం సగమై 532 అవుతుంది. అదే మనకు కనిపించే ఆకుపచ్చ. మధ్యలో మిగిలిపోయిన పరారుణాన్ని ఆపడానికి చివర చిన్న వడపోత ఉండాలి. చవక సరుకులో దాన్ని ఎగవేస్తారు. నిస్ట్ వారికే 2010లో ఒకటి దొరికింది. చూడడానికి మసక ఆకుపచ్చ, లోపల దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణం. కనిపించని కాంతికి రెప్ప ఎందుకు వాలుతుంది?

మనవాడి పాయింటరును లాబొరేటరీలో పనిచేసే మన సభ్యుడొకరు కొలిచిపెట్టారు. చీటీ మీద 5 కన్నా తక్కువ అని ఉంది. మీటరు మీద 34 వచ్చింది, అందులో కొంత పరారుణం.

ఈ సంఖ్య ఎంతటిదో తెలియాలంటే సూర్యుడితో పోల్చాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మిల్లీమీటరుకు సుమారు 1 మిల్లీవాటు. ఆ వెలుతురుకు కంటిపాప కుంచించుకుంటుంది కనుక సూర్యుణ్ణి నేరుగా చూస్తే లోపలికి పోయేది సుమారు 3 మిల్లీవాట్లు. రెటీనా మీద సూర్యుడి బొమ్మ వెడల్పు మిల్లీమీటరులో ఆరో వంతు. లేజరు చుక్క అందులో ఎనిమిదో వంతు వెడల్పు, అంటే వైశాల్యంలో అరవై రెట్లు చిన్నది. సూర్యుడి కంటే ఎక్కువ శక్తి, అంతకంటే బాగా చిన్న చోట. ఆ చోటు కూడా మనం దేన్ని చూడదలచుకుంటే దాని బొమ్మ పడే పచ్చచుక్క. రెటీనాకు నొప్పి తెలిపే నరాలు లేవు. పిల్లవాడికి ఆ రాత్రి ఏమీ తెలియలేదు. పొద్దున లేచి అమ్మ ముఖం చూస్తే ముక్కు కనపడలేదట.

రెటీనా స్పెషలిస్టు చూశారు. కంటి పొరలను అడ్డకోతలాగా చూపే ఓ.సి.టి. తీశారు. పచ్చచుక్క దగ్గర పొర చెదిరింది. మొదట చూపు 6/24. దీనికి ఇదీ మందు అని రుజువైనది లేదు, కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. ఆరు వారాలకు 6/9కి వచ్చింది. చిన్న మచ్చ మిగిలింది. అది మిగిలిపోవచ్చు కూడా అన్నారు. ఆ గదిలోంచి బయటికి వచ్చి కారు ఎక్కే దాకా తండ్రిగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చి మా ఆవిడతో ఇక శుక్రవారాలు మానేస్తానన్నాము. "మానేస్తే వాళ్లు చేసి చూడడం మానేస్తారా? మీరు లేనిచోట చేస్తారు, అంతేగా" అంది. నిజమే. మేము చెప్పిన మాట మీదనే మాకు కోపం వచ్చిందిగాని, ఆ మాట పూర్తిగా తప్పు కాదు. తన కంటినే పరికరంగా వాడుకోవడం పెద్దవాళ్లు కూడా చేసిన పనే. న్యూటన్ కుర్రతనంలో అద్దంలో సూర్యుడి ప్రతిబింబాన్ని చూస్తూ కూర్చుని, ఆ తరువాత కళ్లు కుదుటపడడానికి రోజుల తరబడి చీకటి గదిలో ఉండవలసి వచ్చింది. అదే న్యూటన్ కంటికీ ఎముకకూ నడుమ మొద్దుసూది దూర్చి నొక్కి రంగుల వలయాలు చూశాడు. ఈ కథను మేమే ఒక శుక్రవారం నవ్వుతూ చెప్పినట్టు గుర్తు. నవ్వవలసిన కథ కాదు.

ఆ మాటకొస్తే, ఈ ప్రాంతంలోనే, బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైథమ్ వెయ్యేళ్ల కిందట కాంతిశాస్త్రం మీద తన పెద్ద గ్రంథం రాస్తూ ముందే తెచ్చిన వాదం ఇది: మిక్కిలి ప్రకాశమైనదాన్ని చూస్తే కన్ను బాధపడుతుంది. అంతవరకు కంటిలోంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మినవారు చాలామంది. కన్నే కిరణాలు పంపితే దానికి బాధ ఎందుకు? బయటినుంచి ఏదో లోపలికి వస్తోంది కనుక. చూపు అంటే ఏమిటో తెలిసిన దారిలో మొదటి మెట్టు కంటికి తగిలిన దెబ్బే.

దెబ్బ మందు కావడం కూడా ఉంది. 1945 జూలై 9న సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూసి రెటీనా కాల్చుకున్న ఒక వైద్య విద్యార్థి, జర్మనీలో మేయర్ ష్వికెరాత్ అనే యువ నేత్రవైద్యుడి దగ్గరకు వచ్చాడు. ఆ మచ్చను చూస్తూ ఆయన తిరగేసి ఆలోచించాడు: కాంతితో ఇంత చక్కని మచ్చ పడితే, చిరిగిన రెటీనాను అదే మచ్చతో అతికించవచ్చు కదా? ముందు సూర్యకాంతినే అద్దాలతో రోగి కంట్లోకి పంపాడు. తరువాత జినాన్ దీపం. 1960 మే 16న మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజరు వెలిగించాక, రెండేళ్లు తిరగకుండానే అది మనిషి రెటీనా మీదకు వచ్చింది. మధుమేహంతో రెటీనా పాడైన లక్షలమందికి ఆ కాల్పే చూపు నిలిపింది. ఇప్పుడు కంట్లో వేసే ఇంజక్షన్లు వచ్చినా లేజరు మూలపడలేదు. ఈ పత్రిక చదివే నాన్నగార్లలో షుగరు ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. చూపు బాగానే ఉంది కదా అనుకోకుండా ఏడాదికోసారి రెటీనా చూపించుకోండి. ఇది శీర్షికకు సంబంధం లేని మాట, వైద్యుడి అలవాటు.

తల్లిదండ్రులకు మనవి. పిల్లల గదిలో పాయింటరు ఉంటే తీసి దాచకండి, దాచినది వాళ్లకు దొరుకుతుంది. బ్యాటరీలు తీసి మాకు ఇచ్చేయండి. సైన్సు ప్రాజెక్టుకు కావాలంటే కొలిచిన ఎర్రది ఒకటి, 1 మిల్లీవాటు లోపుది, మా ఇంట్లో ఉంది, శుక్రవారం మా ఎదుట వాడుకోవచ్చు. వక్రీభవనం చూడడానికి గాజుగ్లాసులో నీళ్లు, రెండు చుక్కల పాలు చాలు, కిరణం పక్కనుంచే కనిపిస్తుంది. దానికి ఎదురుగా ముఖం పెట్టనక్కర లేదు. ఎవరి కంట్లోనైనా పడిందని అనుమానం వస్తే, ఒక కన్ను మూసి గ్రాఫు కాగితం నడుమ చుక్క పెట్టి చూడమనండి. గీతలు వంకరపోయినా, గళ్లు మాయమైనా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు.

మిగతా ప్రశ్నలు రెండు, క్లుప్తంగా. సల్వా రోడ్డు మీద ఎండమావిని ఫోటో తీయగలమా అని ఏడో తరగతి బాబు ఒకడు తోకలా వచ్చి అడిగాడు. తీయవచ్చు. అది మన భ్రమ కాదు. కాలిన రోడ్డు మీది వేడిగాలి పలచన, పైన గాలి చిక్కన. ఆకాశం నుంచి కిందికి వచ్చే కాంతి ఆ పలచని పొరల్లో మెల్లగా వంగి పైకి లేచి మన కంటికి చేరుతుంది. కెమెరాకు కూడా అంతే. అక్కడ కనిపించేది నిజంగా ఆకాశమే, దాన్ని నీళ్లనుకోవడం వరకే మన పొరపాటు. 1798లో నెపోలియన్ సేనతో ఈజిప్టు వెళ్లిన గాస్పార్ మోంజ్, దాహంతో సైనికులు పడిన అవస్థ చూసి, దీనికి కారణం రాశాడు.

రెండోది, ముత్యానికి ఆ రంగులు ఎవరు వేశారు అని. ఈ దేశం చమురుకు ముందు బతికింది ముత్యాల మీదే గనుక ఇక్కడి పిల్లలు అడగవలసిన ప్రశ్నే. రంగు ఎవరూ వేయలేదు. ముత్యం సుమారు అర మైక్రాను మందం పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గర. పొరపొర నుంచీ తిరిగివచ్చిన తరంగాలు కొన్ని కలిసి బలపడతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. తిప్పితే రంగు మారేది అందుకే. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్‌గారు నోబెల్ బహుమతి వచ్చాక కూడా గవ్వల మెరుపు మీద, ముత్యాల మీద పరిశోధన పత్రాలు రాశారు.

కిందటి శుక్రవారం ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. వాళ్ల అమ్మగారే తెచ్చి దింపి వెళ్లారు. చేతిలో గ్రాఫు కాగితాలు. ప్రతి ఆదివారం ఎడమకంటితో చూసి మచ్చ ఎంత ఉందో గళ్లు లెక్కపెట్టి పెన్సిలుతో నింపుతున్నాడట. మొదటి కాగితం మీద నడుమ అంతా ఆక్రమించిన మచ్చ, ఇప్పుడు నడిమికి కొంచెం పైన, కుడివైపు, కందిగింజంత ఉంది.

"డాక్టరంకుల్, కంట్లో బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి పడుతుంది కదా. అయితే నా రెటీనా మీద దెబ్బ కిందివైపు, ఎడమవైపు ఉండాలి" అన్నాడు. అవునన్నాము. "కాని హాస్పిటల్లో ఇచ్చిన కంటి ఫోటోలో కిందివైపే ఉంది గాని కుడివైపు ఉంది."

మిగతా పిల్లలు మా వైపు చూశారు. మాకు జవాబు తెలుసు, అయినా చెప్పలేదు. వాడు ఫోటోను ఒకసారి తనకేసి, ఒకసారి మాకేసి తిప్పి, లేచి వచ్చి మాకు ఎదురుగా నిలబడి మా ఎడమకన్ను ఏ వైపున ఉందో చూసుకున్నాడు.

"ఫోటో తీసింది ఎదురుగా కూర్చున్నవాళ్లు" అన్నాడు.

వచ్చే శుక్రవారం తొమ్మిదిన్నరకు. గ్రాఫు కాగితం, పెన్సిలు తెచ్చుకోవాలి.